మాటలు రావడం, మాట కలపడం: పటాన్‌చెరు – సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో వాక్చికిత్సకులు, తల్లిదండ్రుల ఉమ్మడి కృషి

వ్యాససంగ్రహం:
మాట ఆలస్యమైన పిల్లలకు వాక్చికిత్స వారానికి ఒకటి రెండు గంటలకు మించి అందదు. మెలకువగా ఉండే మిగిలిన కాలమంతా పిల్లలు ఇంటివారి మధ్యనే గడుపుతారు. అందుచేత చికిత్సాలయంలో మొదలైన పని ఇంట్లో కొనసాగితేనే ఫలితం నిలుస్తుంది. అయితే ఇంటివద్ద చేయవలసిన అభ్యాసాలను తీరిక, నిశ్శబ్దం, ఒకే భాష ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకొని రూపొందించడం పరిపాటి. షిఫ్టుల పని, అద్దెగది, రెండు మూడు భాషలు గల పారిశ్రామికవాడ కుటుంబాలకు ఆ నమూనా సరిపోదు. వాక్చికిత్సకులు, తల్లిదండ్రులు కలిసి పనిచేయడమంటే ఏమిటో, పటాన్‌చెరు – సంగారెడ్డి ప్రాంతంలో అది ఏ రూపం తీసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వాక్చికిత్స, భాషాభివృద్ధి, తల్లిదండ్రుల భాగస్వామ్యం, బహుభాషా కుటుంబాలు, పారిశ్రామిక కార్మికులు, సంగారెడ్డి.

1. ఉపోద్ఘాతం:
పిల్లలకు ‘మాటలు వస్తాయి’ అనడం తెలుగు నుడికారం. పళ్లు వచ్చినట్లే, నడక వచ్చినట్లే మాటలూ వాటంతట అవే వస్తాయన్న భావన ఇందులో ఉంది. ఈ వాక్యంలో కర్త మాటలే తప్ప బిడ్డ కాదు, తల్లి కాదు. ఎక్కువమంది పిల్లల విషయంలో ఈ భావన చిక్కులేమీ తేదు. మాటలు రాని పిల్లల విషయంలో మాత్రం ఇదే ఎదురుచూపుగా మారుతుంది. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యం’, ‘వాళ్ల మేనమామకూ నాలుగేళ్లకే వచ్చాయి’ అనే ఓదార్పుల మధ్య విలువైన నెలలు గడిచిపోతాయి. మాటలు త్వరగా రావాలని వస పోయడం తెలుగునాట పాత ఆచారం. గలగల మాట్లాడేవారిని ‘వసపిట్ట’ అనడం దాని నుంచి పుట్టినదే. అయితే మాట ఆలస్యానికి వస చికిత్స అవుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. అమెరికా 1968లోనే వసను ఆహారపదార్థాలలో వాడకుండా నిషేధించింది.

తెలుగులోనే ‘మాట కలపడం’ అనే మరో పలుకుబడి ఉంది. మాట కలపడానికి ఇద్దరు కావాలి. ఒకరు మొదలుపెడితే మరొకరు అందుకోవాలి. చూపు, సైగ, నవ్వు కూడా అందులో భాగమే. నేటి వాక్చికిత్స ఈ రెండో పలుకుబడికి దగ్గరగా ఉంటుంది. బిడ్డ నోటివెంట మాట రప్పించడం కంటే, బిడ్డకూ ఇంటివారికీ మధ్య మాట కలిసే సందర్భాలను పెంచడం దాని ప్రధాన లక్ష్యం.

2. ప్రాంత నేపథ్యం:
హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లే జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి వరుసగా వస్తాయి. 1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం ఏర్పడ్డాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలలో మందులు, రసాయనాలు, ఇనుము, యంత్రభాగాలు తయారుచేసే పరిశ్రమలు విస్తరించాయి. 2016 అక్టోబరు 11న పాత మెదక్ జిల్లా నుంచి సంగారెడ్డి జిల్లా వేరుపడింది.

ఈ పరిశ్రమలు చుట్టుపక్కల గ్రామాల వారితోపాటు ఒడిశా, బీహారు, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల కార్మికులకూ ఉపాధినిచ్చాయి. 2020 మే 1న దేశంలో తొలి శ్రామిక్ ప్రత్యేక రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. కందిలోని ఐఐటీ ప్రాంగణ నిర్మాణంలో పనిచేసిన వలస కార్మికులు అందులో స్వస్థలాలకు వెళ్లారు. జిల్లాలో వలస శ్రమ ఎంత ఉందో దేశమంతటికీ తెలిసిన సందర్భమది. జిల్లా పశ్చిమాన జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాలు కర్ణాటకకు ఆనుకొని ఉండటంతో కన్నడం, ఉర్దూ, లంబాడీ మాట్లాడే కుటుంబాలూ ఎక్కువే. వీటి ఫలితంగా ఇంట్లో ఒక భాష, గల్లీలో ఇంకో భాష, అంగన్‌వాడీలో తెలుగు వినే పిల్లలు ఇక్కడ సాధారణంగా కనిపిస్తారు.

3. గుర్తింపు, సేవా వ్యవస్థ:
పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు లోపనిర్ధారణ, ఆరు నెలలలోపు చికిత్సారంభం అన్నది ప్రపంచవ్యాప్తంగా అనుసరించే సూత్రం. ఏడాది నిండినా వేలితో చూపకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నర వచ్చినా అర్థవంతమైన ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోవడం నిపుణుణ్ని కలవవలసిన సూచనలు. వచ్చిన మాటలు పోవడం ఏ వయసులోనైనా వెంటనే పట్టించుకోవలసిన విషయం. ఇవి కనిపించినప్పుడు మొదట చేయవలసింది వినికిడి పరీక్ష. చప్పుడుకు తిరుగుతున్నాడన్న కారణంతో వినికిడి బాగుందని నిర్ణయించలేము. తలుపు చప్పుడు వినగలిగిన బిడ్డకు మాటలోని సన్నని ధ్వనులు వినపడకపోవచ్చు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలను, ఒకసారి పాఠశాలలను సందర్శించి పిల్లలను పరీక్షించాలి. అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపాలి. ఈ కేంద్రాల సిబ్బంది నమూనాలో వినికిడి – వాక్ నిపుణులకు స్థానం ఉంది. బడి ఈడు పిల్లలకు సమగ్ర శిక్ష ఆధ్వర్యంలో మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మేధో వైకల్య సంస్థ, అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ – శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ రంగంలో సేవలను, వృత్తి శిక్షణను అందిస్తున్నాయి. అయితే పాశమైలారం నుంచి బిడ్డను ఎత్తుకొని బస్సులు మారి అక్కడికి వెళ్లి రావాలంటే ఒక పనిదినం పోతుంది.

4. తల్లిదండ్రుల పాత్ర – ఆలోచనల పరిణామం:
తల్లిదండ్రులను భాగస్వాములుగా చూడటం ఈ రంగంలో మొదటినుంచీ ఉన్న దృక్పథం కాదు. ఇరవయ్యవ శతాబ్ది మధ్యకాలంలో బిడ్డ ఆటిజానికి తల్లి ప్రేమరాహిత్యమే కారణమన్న వాదం బలంగా వినిపించింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రచురించిన గ్రంథంతో దానికి విస్తృత ప్రచారం లభించింది. తరువాతి పరిశోధనలు ఆ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చాయి. అయినా తల్లిని తప్పుపట్టే ధోరణి సమాజంలో రూపం మార్చుకొని కొనసాగుతూనే ఉంది.

దీనికి భిన్నమైన ధార కూడా అదే కాలంలో నడిచింది. వినికిడి లేని కుమారుని తల్లి లూయీస్ ట్రేసీ 1942లో లాస్ ఏంజెలెస్‌లో స్థాపించిన కేంద్రం పిల్లలకంటే ముందుగా తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వడాన్ని తన పద్ధతిగా చేసుకొంది. వాక్చికిత్సకురాలు అయాలా మానొల్సన్ 1975లో కెనడాలో ప్రారంభించిన హానెన్ కార్యక్రమం తల్లిదండ్రుల బృందాలకు రోజువారీ సంభాషణలోనే భాష నేర్పే మెలకువలను అందించింది. భారతదేశంలో ప్రతిభా కారంత్ 2000లో బెంగళూరులో ఆరంభించిన ‘కామ్ డీల్’ కార్యక్రమంలోనూ తల్లిదండ్రులకు చోటుంది.

దక్షిణాసియా పరిస్థితులలో ఈ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్నకు 2015లో ప్రచురితమైన ఒక అధ్యయనం కొంత సమాధానమిచ్చింది. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 2 నుంచి 9 ఏళ్ల వయసు గల 65 మంది ఆటిజం పిల్లలతో ఇది జరిగింది. నిపుణుల పర్యవేక్షణలో సాధారణ ఆరోగ్య కార్యకర్తలే ఆరు నెలలలో 12 విడతలుగా తల్లిదండ్రులకు మార్గదర్శనం చేశారు. తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, ఇద్దరూ కలిసి చూసి చర్చించడం ఇందులో ప్రధాన ప్రక్రియ. బిడ్డ చేష్టకు అనుగుణంగా తల్లిదండ్రులు స్పందించడం పెరిగింది. బిడ్డ తనంతట తానుగా పలకరింపు మొదలుపెట్టడమూ పెరిగింది. కాగా ఇద్దరి దృష్టీ ఒకే వస్తువుపై నిలిచే సమయం మాత్రం చికిత్స పొందిన వారిలో తగ్గింది. తల్లిదండ్రుల ద్వారా జరిగే చికిత్స ఫలిస్తుందని, అన్ని అంశాలలో ఒకే విధంగా ఫలించదని ఈ అధ్యయనం తెలియజేస్తున్నది.

5. ఉమ్మడి కృషి జరిగే తీరు:
5.1. కాలం లెక్క: పసిబిడ్డ రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటే వారానికి 84 గంటలవుతాయి. ముప్పావు గంట చొప్పున వారానికి రెండుసార్లు చికిత్స జరిగితే ఒకటిన్నర గంట. అంటే మెలకువలో రెండు శాతం కూడా కాదు. మిగిలిన 98 శాతాన్ని పట్టించుకోని చికిత్స ఎంత నైపుణ్యంతో సాగినా బిడ్డ జీవితంలో చిన్న భాగంగానే మిగిలిపోతుంది.

5.2. సమాచార వినిమయం: బిడ్డ ఎప్పుడు ఉల్లాసంగా ఉంటుంది, దేనికోసం మారాం చేస్తుంది, దాహమైతే ఎలా తెలుపుతుంది అన్నవి ఇంటివారికే తెలుసు. ఆ చేష్టలలో ఏది సంభాషణకు బీజమో, తరువాతి మెట్టు ఏదో వాక్చికిత్సకులకు తెలుసు. ఉదాహరణకు బిడ్డ తల్లి చేయి పట్టుకొని బిందె దగ్గరకు లాక్కుపోవడాన్ని ఇంటివారు మొండితనంగా భావించవచ్చు. వాక్చికిత్సకులు దానిని అడగడంగా గుర్తిస్తారు. ఆ చేష్టకు ‘నీళ్లు’ అనే మాటను జోడించడం మొదటి లక్ష్యమవుతుంది.

5.3. దినచర్యలో అభ్యాసం: పాశమైలారంలో ఒకే గదిలో అద్దెకుండే కుటుంబాన్ని ఉదాహరణగా ఊహించవచ్చు. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని ఉదయం నిద్రపోతాడు. ఆయన నిద్ర చెడకూడదు కనుక బిడ్డ చేతికి ఫోను వస్తుంది. తల్లి వంట, నీళ్లు, బట్టల పనిలో ఉంటుంది. ఈ ఇంటికి ‘రోజూ గంటసేపు బొమ్మల కార్డులతో కూర్చోండి’ అన్న సలహా అమలయ్యేది కాదు. దానికి బదులు అప్పటికే జరుగుతున్న మూడు పనులను ఎంచుకోవచ్చు. అవి బాలామృతం తినిపించడం, లాల పోయడం, సాయంత్రం తండ్రి పనికి బయలుదేరే వేళ వీడ్కోలు చెప్పడం. ఏ పనికీ అదనపు సమయం అక్కరలేదు.

తినిపించేటప్పుడు గిన్నె నింపి ఇచ్చేయకుండా ఒక ముద్ద పెట్టి ఆగడం మొదటి మెలకువ. ఐదారు క్షణాల ఆ విరామంలో బిడ్డ చూపో, చేతి కదలికో, ధ్వనో వెలువడుతుంది. తల్లి దానిని మాటగా అందుకొని ‘ఇంకా’ అంటుంది. బిడ్డ ‘బువ్వ’ అంటే ‘బువ్వ కావాలి’ అని ఒక మెట్టు పెంచి చెప్పడం రెండో మెలకువ. ‘ఇదేంటి? చెప్పు, చెప్పు’ అని పరీక్షించడం తగ్గించి, బిడ్డ చూస్తున్నదాని గురించి తామే చెప్పడం మూడో మెలకువ. తెలంగాణ మాటలో ఉన్న ‘ఇగో’, ‘అగో’ ఈ పనికి చక్కగా ఉపకరిస్తాయి. ఇద్దరి చూపునూ ఒకేచోటికి తెచ్చే మాటలవి. చందమామను చూపిస్తూ గోరుముద్దలు తినిపించడం, తారంగం ఆడించడం, దాగుడుమూతలు వంటి అలవాట్లలో వేలితో చూపడం, వంతు కోసం ఆగడం, మళ్లీ కావాలని అడగడం సహజంగానే ఇమిడి ఉన్నాయి. వాక్చికిత్సకులు వీటికి చికిత్సాపరమైన క్రమాన్ని సమకూర్చగలరు.

5.4. సమీక్ష: బిడ్డను అల్లరి నుంచి మళ్లించే ఫోను ఇక్కడ మరో విధంగా పనికొస్తుంది. తినిపించే వేళ రెండు నిమిషాల వీడియో తీసి పంపితే వాక్చికిత్సకులు ఇంటిని చూసినట్లే. తల్లి ఎక్కడ చక్కగా ఆగిందో మొదట చూపి, ఆ తరువాతే ఒక మార్పును సూచించడం మంచి పద్ధతి. ఒకేసారి పది సూచనలిస్తే ఒక్కటీ నిలవదు.

6. భాష ఎంపిక – మాండలికం:
ఇంట్లో రెండు భాషలుండటం వల్ల మాట ఆలస్యమైందని, ఒకే భాషలో, అదీ ఇంగ్లీషులో మాట్లాడాలని సూచించడం పలుచోట్ల వినిపిస్తుంది. బహుభాషా వాతావరణం భాషాలోపానికి కారణమవుతుందని పరిశోధనలు నిరూపించలేదు. తల్లి తనకు సరిగా రాని భాషకు మారితే మాటల సంఖ్యా తగ్గుతుంది, లాలనా తగ్గుతుంది. ఒడియా తల్లి ఒడియాలోనే, లంబాడీ తల్లి లంబాడీలోనే మాట కలపడం బిడ్డకు మేలు. వాక్చికిత్సకులకు ఆ భాష రానప్పుడు మాటల పట్టికను తల్లి సమకూర్చాలి. ఈ సందర్భంలో ఆమె సమాచారదాత మాత్రమే కాదు, భాషావిషయంలో నిపుణురాలు కూడా.

తెలుగు పిల్లల విషయంలోనూ ఇటువంటి జాగ్రత్త అవసరం. తెలంగాణ గ్రామీణ వ్యవహారంలో ‘చల్ల’ను ‘సల్ల’ అని, ‘చదువు’ను ‘సదువు’ అని పలకడం వినిపిస్తుంది. ఆ ఇంటి బిడ్డ అలా పలికితే అది ఉచ్చారణ దోషం కాదు, ఇంటి పలుకు. ఇంట్లో పెద్దలు ఎలా పలుకుతారో అడగకుండా దానిని దోషాల జాబితాలో చేరిస్తే చికిత్స మాండలికంపై యుద్ధంగా మారుతుంది. సొరకాయ బొమ్మను చూసి ‘ఆనపకాయ’ అన్న బిడ్డకు సున్నా వేయడమూ ఇటువంటిదే. వ్యాకరణ విషయంలోనూ తెలుగు ప్రత్యేకతను గమనించాలి. తెలుగు క్రియలో కర్త ఎవరో తెలిపే ప్రత్యయం ఇమిడి ఉంటుంది. ‘వస్తా’ అన్న ఒక్క పదం పూర్తి వాక్యం. కనుక పదాల సంఖ్యను మాత్రమే లెక్కించే కొలమానాలు తెలుగు బిడ్డ సామర్థ్యాన్ని తక్కువగా చూపగలవు. ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖలో దుగ్గిరాల వసంత వంటివారు తెలుగు పిల్లల భాషపై, వినికిడి లోపంపై చేసిన కృషి ఇటువంటి పరిశీలనలకు మార్గం చూపింది.

మాటకు బదులు బొమ్మలు, సైగలు అలవాటు చేస్తే బిడ్డ ఇక మాట్లాడదన్న భయం తల్లిదండ్రులలో ఉంటుంది. 2006లో వెలువడిన పరిశోధనా సమీక్షలో ఈ భయానికి ఆధారం కనిపించలేదు. సరిపడిన సమాచారమున్న సందర్భాలలో ఎక్కువమందికి మాట పెరిగిందే తప్ప తగ్గలేదు. ఈ విషయాన్ని ఇంటిపెద్దలకు, ముఖ్యంగా నాయనమ్మ, అమ్మమ్మలకు వివరించడం కూడా చికిత్సలో భాగమే. వారు ఒప్పుకోని పద్ధతి ఇంట్లో సాగదు.

7. పరిమితులు – బాధ్యత ఎవరిది:
తల్లిదండ్రుల పాత్రను నొక్కిచెప్పడంలో ఒక ప్రమాదముంది. ‘ఇంట్లో చేయించలేదు కనుకనే మాట రాలేదు’ అనే నింద పాత వాదానికి కొత్త రూపం. ఆ నింద ఎక్కువగా తల్లిమీదే పడుతుంది. ఇంట్లో అభ్యాసం జరగనప్పుడు ‘ఎందుకు చేయలేదు’ అని కాక ‘ఇచ్చిన పని ఈ ఇంటికి సరిపోయిందా’ అని వాక్చికిత్సకులు తమను తాము ప్రశ్నించుకోవాలి.

కార్మికుని సెలవుల లెక్క చూస్తే సమస్య తీవ్రత తెలుస్తుంది. 2025 వరకు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వయోజన కార్మికునికి ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున వేతన సెలవు నిర్దేశించింది. ఏడాదికి 300 రోజులు పనిచేసినా లభించేవి 15 రోజులే. వారానికొకసారి చికిత్సకు తీసుకువెళ్లాలంటే 52 రోజులు కావాలి. ఈఎస్ఐ అనారోగ్య భృతి కార్మికుని సొంత అనారోగ్యానికే వర్తిస్తుంది, బిడ్డ చికిత్స కోసం తీసుకున్న సెలవుకు వర్తించదు. రోజుకూలికి ఈ కొద్దిపాటి రక్షణలూ అందడం కష్టం. చికిత్స మధ్యలో మానేసిన కుటుంబాలను నిర్లక్ష్యపరులుగా నిర్ణయించే ముందు ఈ లెక్కను గమనించాలి.

చట్టంలోనూ ఒక ఖాళీ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వాటిలో వాక్ – భాషా వైకల్యం ఒకటి. అయితే దాని నిర్వచనం స్వరపేటిక తొలగింపు, అఫేసియా వంటి స్థితుల వల్ల కలిగే శాశ్వత వైకల్యాన్ని ఉద్దేశించింది. వినికిడి లోపమో ఆటిజమో లేకుండా కేవలం భాషాభివృద్ధిలో వెనుకబడిన బిడ్డ ఈ నిర్వచనంలో ఇమడటం కష్టం. 2016లో ప్రచురితమైన ఇంగ్లండు అధ్యయనం బడిలో చేరే వయసు పిల్లలలో సుమారు 7 శాతం మందికి, తెలిసిన ఇతర కారణమేదీ లేకుండానే, ఇటువంటి భాషాలోపం ఉందని గుర్తించింది. ఈ పిల్లలు ధ్రువపత్రం లేక, సాయం లేక, తరగతిలో ‘మొద్దు’లుగా ముద్రపడే అవకాశం ఎక్కువ.

8. ముగింపు:
• ‘మాటలు వస్తాయి’ అన్న ఎదురుచూపు స్థానంలో ‘మాట కలుపుదాం’ అన్న ప్రయత్నం రావాలి. అనుమానం కలిగిన మొదటి రోజే వినికిడి పరీక్ష జరగాలి.
• చికిత్సాలయ సమయం బిడ్డ మెలకువలో రెండు శాతం లోపే ఉంటుంది కనుక చికిత్సా ప్రణాళిక ఇంటి దినచర్య నుంచి పుట్టాలి. తల్లిదండ్రులు ఆదేశాలను పాటించేవారుగా కాక లక్ష్యాలను నిర్ణయించేవారుగా ఉండాలి.
• ఇంటి భాష, ఇంటి మాండలికం చికిత్సకు ఆటంకాలు కావు, సాధనాలు. తెలంగాణ మాటలతో, వలస కుటుంబాల భాషలలో మాటల పట్టికలను, పరీక్షా సాధనాలను రూపొందించడం విశ్వవిద్యాలయాల భాషాశాస్త్ర శాఖలు చేపట్టదగిన పరిశోధన.
• షిఫ్టుల పనివారికి అనువుగా ఆదివారాలలో, సాయంత్రాలలో సేవలు అందాలి. అంగన్‌వాడీలు, భవిత కేంద్రాలు తల్లిదండ్రుల బృంద శిక్షణకు వేదికలు కాగలవు. సాధారణ కార్యకర్తల ద్వారా తల్లిదండ్రులకు మార్గదర్శనం చేయడం సాధ్యమేనని గోవా, రావల్పిండి అనుభవం చూపింది.
• తల్లిదండ్రుల భాగస్వామ్యం నిపుణుల కొరతను కప్పిపుచ్చే సాకు కారాదు. నిపుణుల అండ ఉన్నప్పుడే అది భాగస్వామ్యమవుతుంది. అండ లేనప్పుడు అది అదనపు భారమే.